బార్లీ అని అరవండి

ముందే ఒప్పేసుకుంటున్నాను, ఆ టిష్యూ ప్యాకెట్ తీసింది నేనే.

మా హాకర్ సెంటర్లో మధ్యాహ్నం పన్నెండింటికి ఖాళీ కుర్చీ దొరకడమంటే మాటలు కాదు. ఒకే కప్పు కింద ఎనభై తిండి కొట్లు, చుట్టూ ఆఫీసులు, అందరికీ ఆకలి ఒక్కసారే వేస్తుంది. అందుకని ముందు ఓ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి, తర్వాతే తిండి కోసం వరసలో నిలబడతారు. దాన్ని 'చోప్' చెయ్యడం అంటాం. ప్యాకెట్ పడిందంటే ఆ చోటు వాళ్ళదే, మంత్రి వచ్చినా కదపడానికి లేదు. ఇక రెండో సంగతి. చూపులేనివాళ్ళు కొందరు అవే టిష్యూ ప్యాకెట్లు బల్లబల్లకీ తిరిగి అమ్ముతారు. రెండు డాలర్లిచ్చి తీసుకుంటాం, మూతి తుడుచుకుంటాం, ఈ రోజుకి ఓ మంచిపని అయిపోయిందనుకుని ఇంటికి పోతాం.

ఈ రెండూ ఒకే బల్ల మీద కలిస్తే ఏమవుతుందో నాకెప్పుడూ తట్టలేదు.

నా పేరు గెక్ చూ. ఆ సెంటర్లో ముప్పైయొకటో నంబరు కోపీ కొట్టు మాది; కాఫీని ఇక్కడ కోపీ అంటాం. మా ఆయన బూన్ హాక్ వెనక రొట్టెలు కాలుస్తాడు, నేను ముందు నిలబడి అరుస్తాను. అంటే ఆర్డర్లు అరుస్తాను. మిగతావి కూడా అరుస్తాననుకోండి, నా నోటి గురించి మా సెంటర్లో ఎవర్నడిగినా చెబుతారు. నోటితోపాటు నాకు ఇంకో జబ్బు కూడా ఉంది. ఏదైనా కొత్తది కనిపిస్తే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుసుకునేదాకా అన్నం సయించదు.

ఆ రోజు నల్లకళ్ళజోడు పెట్టుకున్న ఒకమ్మాయి, ముప్పైయేళ్ళు దాటి ఉంటాయి, ఒక నల్ల కుక్కతో లోపలికి వచ్చింది. కుక్క వీపుకి బెల్టు, బెల్టుకి నిలువుగా ఒక పిడి, ఆ పిడి ఆమె ఎడమ చేతిలో. వంద మంది తోసుకుంటున్న చోట ఆ కుక్క ఎవరికీ తగలకుండా, ఆమెని ఎవరికీ తగలనివ్వకుండా, నా కొట్టుకి ఎదురుగా ఉన్న పదిహేడో బల్ల దగ్గరికి తెచ్చి ఆపింది. ఆమె బల్ల అంచు తడిమి చూసుకుని, సంచిలోంచి టిష్యూ ప్యాకెట్ తీసి పెట్టి, చేపల సూప్ కొట్టు వైపు వెళ్ళింది.

నా గుండె కరిగిపోయింది. పాపం, తిరిగి అమ్ముకునే ఓపిక కూడా లేక బల్ల మీద వదిలేసి పోయింది కాబోలు అనుకున్నాను. గబగబా వెళ్ళి ప్యాకెట్ తీసుకుని, రెండు డాలర్ల నోటు ఎగిరిపోకుండా సోయా సాస్ గిన్నె కింద పెట్టి వచ్చేశాను.

రెండు నిమిషాల్లో ఆఫీసు మనుషులు నలుగురు వచ్చి ఆ బల్ల నిండా కూర్చున్నారు.

ఆమె తిరిగొచ్చింది. వెనక సూప్ కొట్టాయన గిన్నె పట్టుకుని వస్తున్నాడు. ఆమె బల్ల మీద చెయ్యి వేస్తే ఎవరిదో మోచెయ్యి తగిలింది.

"ఇక్కడ నా టిష్యూ ఉండాలే," అంది.

"టిష్యూ ఏం లేదండీ. డబ్బులున్నాయి," అన్నాడు ఆ మోచెయ్యి మనిషి.

ఆమె తల ఎత్తి, సెంటరంతా వినబడేలా అడిగింది. "ఎవరండీ నా కుర్చీని రెండు డాలర్లకి కొనుక్కున్నది?"

చుట్టుపక్కల బల్లలన్నీ గొల్లుమన్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. మా బూన్ హాక్ వెనకనుంచి వేలితో నన్ను చూపించాడు. చూపిస్తే ఆమెకి కనబడదని గుర్తొచ్చి, గొంతు సవరించుకుని, "మా ఆవిడండీ!" అన్నాడు. ముప్పైయెనిమిదేళ్ళ కాపురంలో ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఆమె నా కొట్టు దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది. "నా టిష్యూ ఇచ్చెయ్యండి ఆంటీ. అది అమ్మకానికి కాదు. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఫోన్లో బ్యాంకు యాప్‌లు మాలాంటివాళ్ళకి పనిచేస్తున్నాయో లేదో చూసే ఉద్యోగం."

"నాకేం తెలుసమ్మా! చూస్తే ఎలా ఉంది..."

"చూస్తే తెలియదు ఆంటీ. అడిగితే తెలుస్తుంది."

మాటకి మాట అనేదాన్నే. కానీ ఆమె నవ్వుతూ అనేసరికి కౌంటరు పక్కన మా ఆయన కూర్చునే స్టూలు లాగి ఇచ్చాను. ఆమె కూర్చుంది. కుక్క ఆ స్టూలు కిందే ముడుచుకుని పడుకుంది, తోక కూడా బయటికి రాకుండా. ఆమె పేరు వీ లెంగ్ అని, మా వెనక వీధిలోకే ఇల్లు మారిందని, ఇక రోజూ మధ్యాహ్నం ఇక్కడే తింటుందని ఆ పూటే తెలుసుకున్నాను.

ఆ తర్వాత నా జబ్బు ముదిరింది. ఆమె వస్తే చాలు, గ్లాసులు తీసే వంకతో వెళ్ళి ఏదో ఒకటి అడిగేదాన్ని.

"దారంతా దానికి కంఠతా వచ్చా?"

"దారి నాకొచ్చు ఆంటీ. అది అడ్డాలు చూస్తుంది. ఎటు పోవాలో నేను చెప్పాలి, ఎలా పోవాలో అది చూసుకుంటుంది."

"మరి కొట్లు ఎలా గుర్తుపడతావు?"

"వాసన. మాడిన కాఫీగింజలు, వెన్న వాసనొస్తే మీరు. ఎడమకి తిరిగితే అల్లం, చేప. మిరపకాయలు వేగుతుంటే రోస్లీ గారు." రోస్లీ అంటే మా వరసలోనే అన్నం, కూరలు అమ్మే మలయ్ ముస్లిం ఆయన. నన్ను అక్కా అని పిలుస్తాడు.

"రోడ్డు మీద ఎర్ర లైటు, పచ్చ లైటు దానికి తెలుస్తాయా?"

"తెలియవు. నేను చప్పుడు వింటాను. నేను తప్పుగా విని 'పద' అన్నా, కారొస్తుంటే అది కదలదు. యజమాని మాట ఎప్పుడు వినకూడదో కూడా దానికి నేర్పుతారు."

"అమ్మో! నా మాట వినకపోవడం మా ముసలాయనకి ఎవరూ నేర్పకుండానే వచ్చు," అన్నాను. ఆమె పకపకా నవ్వింది.

"మరి దానికి విసుగు రాదా, రోజూ ఇదే పని?"

"నాకూ అదే అనుమానం ఆంటీ," అంది. "నిద్రలో కాళ్ళు ఆడిస్తూ ఉంటుంది. అక్కడ కూడా ఎవర్నో నడిపిస్తుందో, ఒక్కతే పరిగెడుతుందో నాకు తెలియదు."

ఆమెకే తెలియని సంగతి ఒకటుందని నాకెంత సంతోషం వేసిందో! ఇద్దరం కలిసి ఆ కుక్క కలల గురించి చాలాసేపు ఆలోచించాం. ఆ లోపల మూడు ఆర్డర్లు పోయాయి.

ఒక్క విషయంలో మాత్రం ఆమె గట్టిది. బెల్టు వేసి ఉన్నంతసేపూ కుక్క పనిలో ఉన్నట్టు. ముట్టుకోకూడదు, పిలవకూడదు, తిండి పెట్టకూడదు. పేరడిగితే చెప్పనంది.

"పేరు చెబితే నీ సొమ్మేం పోతుందమ్మా?"

"చెబితే పిలుస్తారు," అంది.

ఆ పేరు నేను కనిపెట్టానంటే అది నా తెలివి కాదు. ఒక రోజు ఎవరో ఐసు వేసిన బార్లీ నీళ్ళు రెండు అడిగారు. ఎప్పటిలాగే వెనక్కి తిరిగి, "బార్లీ పెంగ్, రెండూ!" అని ఒక్క కేక పెట్టాను. బల్ల కింద కుక్క చెవులు రెండూ నిటారుగా లేచాయి. తల తిప్పి సూటిగా నావంకే చూసింది. వీ లెంగ్ పెదవి కొరుక్కుంది.

"ఓర్నాయనో! దాని పేరు బార్లీయా?"

"అది పుట్టింది ఆస్ట్రేలియాలో ఆంటీ," అంది వీ లెంగ్ నీరసంగా. "పేరు పెట్టినవాళ్ళకి మన కోపీ కొట్ల సంగతి ఏం తెలుసు?"

నవ్వి నవ్వి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

నేను అక్కడితో ఊరుకుంటే ఈ కథే ఉండేది కాదు. కానీ ఊరుకుంటే నేను గెక్ చూ ఎలా అవుతాను? అది వింటున్నది ఆ మాటనా, నా గొంతునా అని ఒక అనుమానం పట్టుకుంది. మర్నాడు ఆర్డరు లేకపోయినా "బార్లీ" అని అరిచి చూశాను. మళ్ళీ తల తిప్పింది. ఆ కళ్ళు ఎంత బావున్నాయంటే, ఊరికే పిలిచి ఏమీ పెట్టకుండా వదిలెయ్యడం అన్యాయం అనిపించింది. కొబ్బరి జామ్ రాసే టోస్టుకి అంచులు కోసేస్తాం కదా, అందులో ఒక ముక్క గ్లాసులు తీసే వంకతో బల్ల కింద జారవిడిచాను. చప్పుడు కాకుండా తినేసింది. గడ్డి మొలిచే చప్పుడు కూడా వీ లెంగ్ చెవులకి వినబడుతుంది, ఆ నమలడం మాత్రం వినబడలేదు. దొంగలం ఇద్దరం కలిసిపోయాం.

అలా పదకొండు రోజులు.

ఆ శుక్రవారం మహా రద్దీగా ఉంది. వీ లెంగ్ సూప్ చెప్పేసి రోస్లీ కొట్టు ముందు నుంచి బల్లవైపు వస్తోంది. ఎదురుగా ఒక పెద్దమనిషి వేడి సూప్ గిన్నెలు ట్రేలో పెట్టుకుని వస్తున్నాడు. ఎవరో బార్లీ అడిగారు. నేను అరిచాను.

బార్లీ ఒక్కసారిగా పక్కకి తిరిగి నా కొట్టువైపు లాగింది. వీ లెంగ్ భుజం ఆ విసురుకి కదిలిపోయింది, ఆమె వెళ్ళి నేరుగా ఆ ట్రేకి గుద్దుకుంది. గిన్నెలు ఎగిరాయి. వేడి సూప్ ఆమె ముంజేతి మీద, ఆయన బూట్ల మీద పడింది. ఒక గిన్నె దొర్లుకుంటూ రోస్లీ కాళ్ళ దగ్గరికి పోయి ఆగింది.

"తిండి దగ్గరికి కుక్కని ఎవడు రానిచ్చాడు?" అని ఆయన గావుకేకలు.

బార్లీ మాత్రం నేరుగా నా కౌంటరు ముందుకి వచ్చి కూర్చుని, మూతి పైకెత్తి ఎదురుచూస్తోంది. బెదిరిపోయిందనుకున్నారు అందరూ. అది ఎందుకు వచ్చిందో నాకొక్కదానికే తెలుసు. వీ లెంగ్ పిడి వదల్లేదు, దాని వెంటే వచ్చేసింది. కాలిన చేతిని కడుపుకి ఆనించుకుని నా ఎదురుగా నిలబడి, "బార్లీ, ఏమైందే నీకు?" అంది చాలా మెల్లగా. ఆ గొంతు వింటే నా ప్రాణం ఉసూరుమంది. నోరు తెరిచి నిజం చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు.

ఆ పెద్దమనిషి ఫిర్యాదు రాసిచ్చాడు. మా కొట్లవాళ్ళ సంఘానికి ఛైర్మన్ ఫూ. మంగళవారం మూడింటికి మీటింగ్ పెట్టాడు. కుక్కని సెంటర్లోకి రానివ్వకూడదు, ఆ అమ్మాయికి వెనకవైపు చెత్తడబ్బాల పక్కన ఒక బల్ల వెయ్యాలి, అదీ ఆయన ఆలోచన. చట్టం వద్దనదు, అలాగని రానిచ్చి తీరాలనీ అనదు, కాబట్టి మన ఇష్టం అంటాడు.

చెత్తడబ్బాల పక్కన! ఆ బల్ల దగ్గర కాకులు కూడా ఎక్కువసేపు నిలబడవు. నాకు ఒళ్ళు మండిపోయింది. శని, ఆదివారాలు కూర్చుని రెండు ఉపాయాలు ఆలోచించాను.

మొదటిది మాట మార్చడం. కోపీ కొట్లలో ప్రతిదానికీ ఓ మారుపేరు ఉంటుంది. మైలో అనే చాక్లెట్ పానీయాన్ని 'బంతాట' అంటాం, దాని డబ్బా మీద బంతి తన్నే బొమ్మ ఉండేది కాబట్టి. కప్పులో వేలాడే టీ సంచిని 'చేపలు పట్టడం' అంటాం. అలాగే, గింజలు ముత్యాల్లా ఉంటాయని, బార్లీకి 'ముత్యాలు' అని పెట్టాను. బోర్డు మీద రాశాను. రోజూ వచ్చేవాళ్ళకి పేరుపేరునా చెప్పాను. మరిచిపోయి బార్లీ అన్నవాడికి నీళ్ళు కూడా ఇవ్వలేదు.

రెండోది మీటింగులో ఉపన్యాసం. మా ఆయన ముందు చేతులు తిప్పుతూ చదివి వినిపించాను. "చూపులేని పిల్ల, పాపం, ఆ మూగజీవం తప్ప దిక్కులేదు, మనం కాకపోతే ఎవరు చూస్తారు..."

బూన్ హాక్ టోస్టు తిరగేస్తూ, "ఆ అమ్మాయి మాట్లాడమందా నిన్ను?" అన్నాడు.

"అనాలా? నాకు మనసు లేదా?"

ఆయన ఎప్పుడూ అంతే, అనాల్సిన ఒక్క ముక్క అనేసి రొట్టెల్లోకి దూరిపోతాడు.

సోమవారం వీ లెంగ్ చేతికి కట్టుతో వచ్చింది. నేను గొప్పగా ముత్యాల సంగతి చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను.

"ఎందుకు మార్చారు?" అంది.

"ఆ మాట వింటే అది లాగుతుంది కదమ్మా."

"పేరు వింటే చెవులు రిక్కిస్తుంది ఆంటీ, అంతే. లాగదు. లాగిందంటే అక్కడ ఏదో దొరుకుతుందని దానికి తెలుసన్నమాట." ఆమె ముఖం నావైపు తిప్పింది. "ఏం పెట్టారు?"

"టోస్టు అంచులు," అన్నాను.

"ఎన్ని రోజులు?"

"పదకొండు."

ఆమె అరుస్తుందనుకున్నాను. అరిస్తే బావుండేది, నాకూ అరవడం వచ్చు. "నాలుగు రోజుల్నుంచి నా చెయ్యిని నేను నమ్మట్లేదు," అంది. "పిడి సరిగ్గా పట్టుకోలేదేమో, తప్పు మాట చెప్పానేమో, నడక మర్చిపోయానేమో అని. ఇవాళ ఇంటి దగ్గర మెట్లు దిగడానికి అరగంట నిలబడ్డాను ఆంటీ. మీకు తెలిసి కూడా చెప్పలేదు."

కోపీ ముట్టకుండా లేచి వెళ్ళిపోయింది. చల్లారిన ఆ కోపీని నేను పారబొయ్యలేక, తాగలేక, సాయంత్రం దాకా కౌంటరు మీదే ఉంచాను. అంత సిగ్గు నాకు ఈ వయసులో ఎప్పుడూ వెయ్యలేదు.

మంగళవారం మూడింటికి రెండు బల్లలు కలిపి కూర్చున్నాం. వీ లెంగ్ వచ్చింది, కాళ్ళ దగ్గర బార్లీ. ఛైర్మన్ ఫూ గొంతు సవరించుకుని నావైపు తిరిగాడు.

"గెక్ చూ, ఈ అమ్మాయికి వెనక బల్ల సరిపోతుందంటావా? ఫ్యాను కూడా వేయిస్తాం."

"ఫూ గారూ, నేను ఇక్కడే ఉన్నాను," అంది వీ లెంగ్. "నా సంగతి నన్నడగండి."

ఫూ ఇబ్బందిగా కదిలాడు. "అది కాదమ్మా, మాకు నీ మీద ఏం లేదు. కానీ రోస్లీ లాంటివాళ్ళు ఉన్నారు కదా. వాళ్ళ మతానికి కుక్క..."

"నన్నెవరు అడిగారు?" అన్నాడు రోస్లీ. చేతులు కట్టుకుని వెనక నిలబడి ఉన్నాడు. "మా మతం సంగతి నేను చూసుకుంటాను ఛైర్మన్. తడి ముక్కు తగిలితే ఎలా కడుక్కోవాలో నాకు తెలుసు. నెల రోజులుగా ఈ అమ్మాయి నా కొట్టు ముందు నడుస్తోంది, ఆ కుక్క ఒక్కసారి కూడా నా కూరలవైపు చూడలేదు. మొన్నొక్కరోజు ఏమైందో, అదే నాకు అర్థం కావట్లేదు."

నా ఉపన్యాసం మడతపెట్టిన కాగితం ఆప్రాన్ జేబులో ఉంది. దాని జోలికి పోలేదు.

"నేను చెబుతాను," అని లేచి నిలబడ్డాను. పిలిచి చూడటం, టోస్టు అంచులు, పదకొండు రోజులు, శుక్రవారం నోరు మూసుకుని ఊరుకోవడం, అన్నీ చెప్పాను. చెబుతుంటే గొంతు వణికింది. నా గొంతు వణకడం ఎవరూ ఎరగరు కాబట్టి ఎవరూ నవ్వలేదు.

"అయితే వెనక బల్లకి పంపాల్సింది నిన్ను," అన్నాడు రోస్లీ. "అక్కా, నీ నోరొక్కటే అనుకున్నాను, చెయ్యి కూడానా?"

ఫూ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "కారణం ఏదైనా, కుక్క దారి తప్పింది. మళ్ళీ తప్పదని ఏమిటి నమ్మకం?"

"ఊరికే నమ్మొద్దు, చూడండి," అంది వీ లెంగ్. "వచ్చే బుధవారం, పన్నెండున్నరకి, రద్దీలో. నేను గుమ్మం దగ్గర్నుంచి సూప్ కొట్టు మీదుగా పదిహేడో బల్లకి నడుస్తాను. ఆంటీ బార్లీ అని అరుస్తారు. అది ఒక్కసారి దారి తప్పినా చెత్తడబ్బాల దగ్గరికి నేనే వెళ్ళి కూర్చుంటాను. తప్పకపోతే అందరిలాగే నాకూ ఇక్కడే చోటు. దీనికి నాకు ఎనిమిది రోజులు కావాలి. ఇంకా, ఆంటీ గొంతు కావాలి."

నా గొంతు! పక్షుల్ని తోలడానికి తప్ప నా గొంతు కావాలని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"మరి ముత్యాలు?" అన్నాను.

"బోర్డు మీంచి తుడిచెయ్యండి. మీ ఒక్క కొట్లో మాట మారిస్తే ఊళ్ళో మిగతా కోపీ కొట్లన్నీ మారుస్తాయా? వినకుండా ఉండటం అది నేర్చుకోవాలి. అందరూ దాని కోసం నోరు మూసుకోవడం కాదు."

రోజూ మూడింటికి, జనం పలచబడ్డాక మొదలుపెట్టేవాళ్ళం. నేను కౌంటరు దగ్గర నిలబడి అన్ని రకాలుగా అరిచేదాన్ని. బార్లీ పెంగ్. బార్లీ వేడిగా. బార్లీ, పంచదార తగ్గించి. నిజంగానే ఆర్డరు ఇచ్చినట్టు, కోపంగా, ముద్దుగా. అది తిరిగితే వీ లెంగ్ ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ మొదట్నుంచి నడిచేది. తిరగకపోతే తన నడుముకున్న సంచిలోంచి దాని తిండి గింజ ఒకటి తీసి పెట్టేది. మొదటి రోజు పదిసార్లు పిలిస్తే ఎనిమిదిసార్లు నా దగ్గరికే వచ్చింది. వచ్చి, మూతి పైకెత్తి, నా చేతుల్లోకి చూసేది. నేను మొహం తిప్పేసుకునేదాన్ని. పిలవడం నా పని, రాకూడదని కోరుకోవడం నా మనసు పని. ఇంత చిత్రమైన కొలువు నేనెక్కడా చెయ్యలేదు.

నాలుగో రోజుకి ఎనిమిది కాస్తా మూడయింది. ఏడో రోజు ఒక్కసారి. ఆ ఒక్కటీ నాకు నిద్ర లేకుండా చేసింది.

బుధవారం పన్నెండున్నర. సెంటర్ కిటకిటలాడుతోంది. ఫూ స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రోస్లీ గరిటె పట్టుకుని కొట్టు ముందుకి వచ్చేశాడు. వీ లెంగ్ గుమ్మంలో కనిపించింది. సూప్ కొట్టు దాకా వచ్చింది, ఆర్డరు చెప్పింది, తిరిగింది. రోస్లీ కొట్టు ముందుకి వచ్చింది, ఆ శుక్రవారం గిన్నెలు ఎగిరిన చోటికి. ఇప్పుడు నేను అరవాలి.

నోరు తెరిచాను. "బార్లీ" అని ఏదో పీలగా వచ్చింది. అది ఇటు తిరిగితే? నా వల్ల ఆమె ఆ చెత్త పక్కన కూర్చోవాల్సి వస్తే?

వీ లెంగ్ జనం మధ్యలో నిలబడిపోయింది. "ఆంటీ!" అని కేకేసింది. "వినబడలేదు!"

వెనకనుంచి బూన్ హాక్ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఊపిరి పీల్చి, నా అరవై రెండేళ్ళ గొంతంతా పెట్టి అరిచాను. "బార్లీ పెంగ్! మూడూ!"

బార్లీ ఆగింది. చెవులు లేచాయి. ముక్కు సగం ఇటు తిరిగింది. కౌంటరు మీద వేడి టోస్టులు వెన్న కారుతూ ఉన్నాయి, ఆ వాసన దానికి అందే ఉంటుంది. నా కళ్ళలోకే చూసింది. రావద్దే, రావద్దే తల్లీ అని లోపల మొత్తుకుంటున్నాను.

వీ లెంగ్ పిడి లాగలేదు. "ముందుకి," అంది, అంతే.

బార్లీ తల తిప్పుకుంది. రోస్లీ కొట్టు దాటింది. వెనక్కి జరిగిన కుర్చీ ఒకటి దారికడ్డం ఉంటే చుట్టూ తిప్పింది. పదిహేడో బల్ల దగ్గర ఆగింది. వీ లెంగ్ బల్ల అంచు తడిమింది, సంచిలోంచి టిష్యూ ప్యాకెట్ తీసింది, టప్‌మని బల్ల మీద పెట్టింది.

రోస్లీ గరిటెతో పళ్ళెం మీద దబదబా వాయించాడు. ఫూ ఆమె దగ్గరికి నడిచి, "నీ పక్క కుర్చీ ఖాళీయేనా అమ్మా?" అని అడిగాడు. ఆమెనే అడిగాడు. ఆ రోజు మధ్యాహ్నం ఎందుకో సగం సెంటర్ బార్లీయే అడిగింది. ప్రతిసారీ అరిచాను. ప్రతిసారీ బల్ల కింద ఒక్క చెవి కదిలేది, అంతకు మించి ఏమీ లేదు. రెండింటికల్లా బార్లీ కుండ ఖాళీ.

జనం తగ్గాక వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. నేను ఏడుస్తున్నానని తెలియకుండా మాట్లాడదామనుకున్నాను కానీ ఆమెకి తెలిసిపోయింది, టిష్యూ ఒకటి తీసి ఇచ్చింది.

"వీ లెంగ్," అన్నాను ముక్కు తుడుచుకుని. "ఒక్కసారి దాని తల నిమరనా?"

అన్ని వందల ప్రశ్నలు అడిగాను గానీ ఈ ఒక్కటీ ఎప్పుడూ అడగలేదని అప్పుడు తట్టింది. ఆమె వంగి బార్లీ మెడ తడిమి చూసింది.

"ఇవాళ వద్దు ఆంటీ. బాగా అలిసిపోయింది."

ఇదివరకటి గెక్ చూ అయితే, ఇంత చేస్తే ఒక్క నిమురుడికి కూడా నోచుకోలేదా అని వారం రోజులు మూతి ముడుచుకునేది. "సరేనమ్మా," అన్నాను, చేతులు ఆప్రాన్‌లో దాచుకుని.

వీ లెంగ్ లేచి పిడి అందుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "రేపు అడగండి," అంది.

మర్నాడు ఆమె వచ్చే వేళకి పదిహేడో బల్ల తుడిచి, ఓ టిష్యూ ప్యాకెట్ పడేసి చోటు ఉంచుదామని గుడ్డ పట్టుకుని వెళ్ళాను. ఆమె అలా చెయ్యమని చెప్పలేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చేశాను. ఆమె తనే వచ్చి, తనే చోప్ చేసుకుని, తిని, తీరిగ్గా కూర్చున్నాక అప్పుడు వెళ్ళి అడిగాను.